ఖరగ్‌పూర్ దాటితే సాలవనం

పశ్చిమ బెంగాల్ నైరుతి కొసన, ఝార్ఖండ్‌నూ ఒడిశానూ ఆనుకుని ఉన్న సాల అడవుల సీమను జంగల్‌మహల్ అంటారు. ఖరగ్‌పూర్ స్టేషనులో టాటానగర్ వైపు వెళ్లే లోకల్ ఎక్కితే ఆ సీమ వాకిట్లోకి చేరడానికి సాధారణంగా గంట కూడా పట్టదు. కలైకుండా దాటాక మన్ను రంగు మారుతుంది. వరి మళ్ల మధ్య ఎర్రటి మొరం దిబ్బలు కనిపిస్తాయి. ఖేమాశూలి, సర్దిహా, బాన్‌స్తలా స్టేషన్లు దాటేసరికి పట్టాలకు అటూ ఇటూ నిటారుగా సాల చెట్లు. 39 కిలోమీటర్ల దూరంలో ఝార్‌గ్రామ్. అక్కడి నుంచి వాయవ్యంగా వెళితే బేల్‌పహాడీ కొండలు వస్తాయి. ఖరగ్‌పూర్ నుంచి నైరుతిగా రోడ్డు పట్టుకుంటే ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లా, అందులో సిమిలిపాల్ టైగర్ రిజర్వ్. ఈ రెండు చోట్లా అడవి అంచున, ఆదివాసీ ఊళ్ల నడుమ రాత్రి బస చేసే ఏర్పాట్లు ఉన్నాయి.

ఖరగ్‌పూర్‌లో తెలుగువారి కాపురం వందేళ్లు దాటినది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1887లో ఏర్పడింది. పంతొమ్మిదో శతాబ్దం చివర ఖరగ్‌పూర్ జంక్షనై, తర్వాత కొన్నేళ్లకు అక్కడ వర్క్‌షాపు లేచినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి కుటుంబాలు పని వెతుక్కుంటూ వచ్చాయి. ఇప్పుడు అక్కడ ఉన్నది వాళ్ల మూడో తరం, నాలుగో తరం. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించిందంటే అందుకు ముఖ్య కారణం ఈ ఊరి తెలుగువారే. అయినా పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, సెలవులొస్తే పూరీకో అరకుకో బండి కట్టే కుటుంబాల్లో ఝార్‌గ్రామ్ అడవిలో ఒక్క రాత్రయినా గడిపినవి తక్కువ. ఆ అడవికీ ఈ రైల్వే ఊరికీ ఉన్న సంబంధం తెలిస్తే ఆ ప్రయాణానికి మరో అర్థం వస్తుంది.

సాల చెట్టు తెలుగువారికి కొత్తదేమీ కాదు. దాని బంకే గుగ్గిలం. సాంబ్రాణితో పాటు ధూపంలో వేసేది అదే. ఉత్తరాంధ్ర ఏజెన్సీ కొండల దాకా ఈ చెట్టు కనిపిస్తుంది. చేవ ఎక్కువ, చెద పట్టడం తక్కువ, బరువుకు వంగదు. అందుకే రైలు పట్టాల కింద పరిచే స్లీపర్లకు ఆ రోజుల్లో సాల కలపను మించింది లేదు. లైన్లు పడుతున్న కొద్దీ సింగ్‌భూమ్, మయూర్‌భంజ్, మేదినీపూర్ అడవులు స్లీపర్లుగా మారాయి. రైలు రావడంతో కలకత్తా మార్కెట్టుకు కలప చేరవేయడం తేలికై, జమీందార్లు చెట్లను గుత్తకిచ్చారు. ఖరగ్‌పూర్‌కు అన్నం పెట్టిన రైలు మార్గమే జంగల్‌మహల్ అడవిని కరిగించింది.

అంతకు ముందు ఆ అడవి ఎవరికీ లొంగనిది. ఈస్టిండియా కంపెనీ ఈ ప్రాంతంలో శిస్తు పెంచినప్పుడు భూమిజులు, ఇతర అడవి జనం 1798-99లో పెద్ద ఎత్తున తిరగబడ్డారు. కంపెనీ వారు దాన్ని చూఆడ్ తిరుగుబాటు అన్నారు. ఆ మాట నిజానికి తిట్టు. 1805లో జంగల్ మహల్స్ అనే పేరుతో ప్రత్యేక జిల్లా ఏర్పాటు చేశారు. 1832లో గంగానారాయణ్ సింగ్ నాయకత్వంలో మళ్లీ తిరుగుబాటు రేగడంతో మరుసటి ఏడే ఆ జిల్లాను రద్దు చేశారు. జిల్లా పోయింది, పేరు నిలిచింది.

ఇప్పుడు రైలు కిటికీలోంచి కనిపించే చెట్లలో చాలా భాగం ఆనాటి మహావృక్షాలు కావు. ఒకసారి నరికిన మోడుల నుంచి మళ్లీ చిగిర్చినవి. ఈ రెండో పుట్టుక వెనక ఉన్న కథ దేశమంతటికీ పాఠమైంది. మేదినీపూర్‌కు ఉత్తరాన ఆరాబాడీ అనే చోట 1972 ప్రాంతంలో అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ ఒక ప్రయత్నం చేశారు. అడవి మోడువారి ఉంది. కొట్టడం ఆపితే సాల వేర్లు తమంతట తామే పిలకలు వేస్తాయి. నాటాల్సిన పని కూడా లేదు. అయితే గొడ్డలి, పశువులు రెండూ దూరంగా ఉండాలి. కట్టెలు అమ్ముకుని పూట గడుపుకునే ఊళ్లవాళ్లు గొడ్డలి దించాలంటే వాళ్ల కడుపు నిండే దారి చూపాలి. బెనర్జీ 11 ఊళ్లలోని 618 కుటుంబాలతో మాట్లాడి, 1,272 హెక్టార్ల అడవి కాపలాను వాళ్లకే అప్పగించారు. అడవిలో కూలి పని, ఆకులూ విత్తనాలూ ఏరుకునే వీలు, కలప అమ్మకంలో నాలుగో వంతు వాటా వాళ్లవన్నారు. పదిహేనేళ్లలో అక్కడ సాలవనం మళ్లీ లేచి నిలబడింది. 1989లో పశ్చిమ బెంగాల్, 1990లో కేంద్ర ప్రభుత్వం ఈ పద్ధతిని విధానంగా తీసుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుంచి ఏర్పడిన వన సంరక్షణ సమితులకు వేరు ఈ మేదినీపూర్ మన్నులోనే ఉంది.

కాబట్టి జంగల్‌మహల్‌లో అతిథి పడుకునే గది చుట్టూ ఉన్న అడవి, దిక్కులేక దానంతట అది పెరిగింది కాదు. అక్కడి ఊళ్లవాళ్లు రాత్రులు కాపలా కాసి నిలబెట్టుకున్నది. వనవాసం చేయడానికి వచ్చే పట్నవాసులు ముందు తెలుసుకోవలసిన సంగతి ఇదే.

ఝార్‌గ్రామ్‌ను 2017 ఏప్రిల్‌లో పశ్చిమ మేదినీపూర్ నుంచి విడదీసి కొత్త జిల్లా చేశారు. బస ఏర్పాట్లు మూడు రకాలు. మల్లదేవ్ రాజవంశీకుల రాజబాడీ 1931లో పూర్తయిన భవనం. దానిలో కొంత భాగం హోటలుగా నడుస్తోంది. అక్కడ ఉండేది రాచరికపు జ్ఞాపకం. అడవి జీవితం తెలియాలంటే అది చాలదు. రెండోది పశ్చిమ బెంగాల్ అటవీ అభివృద్ధి సంస్థ సాల చెట్ల మధ్య కట్టిన కాటేజీలు. ఝార్‌గ్రామ్‌లోనూ, జాతీయ రహదారి మీది లోధాశూలిలోనూ ఉన్నాయి. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవారికి ఇవి నయం. మూడోది బేల్‌పహాడీ, కాంక్రాఝోర్ వైపు ఊళ్లలో ఉన్న హోమ్‌స్టేలు. మట్టి గోడ, పైన పెంకు లేదా రేకు, నులక మంచం, ఇంటివాళ్లు వండిన అన్నం. ఫోను సిగ్నలు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఆదివాసీ జీవనం కాస్తయినా తెలియాలంటే ఈ మూడో రకం బసే సరైనది. ఘాగ్రా జలపాతం, ఖాందారాణి చెరువు, తారాఫేణి ఆనకట్ట, గాడ్రాసిని కొండ ఆ చుట్టుపక్కలే ఉన్నాయి గనుక రెండు పగళ్లు ఇట్టే గడిచిపోతాయి.

ఝార్‌గ్రామ్ పక్కనే దులుంగ్ నది ఒడ్డున చిల్కీగఢ్ ఉంది. అక్కడి కనకదుర్గ గుడి చుట్టూ ఉన్న అడవిలో మందు మొక్కలు లెక్కలేనన్ని. అమ్మవారి అడవి అని తరతరాలుగా ఎవరూ కత్తి వేయలేదు. 2018లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. చట్టం చేయక ముందే భయభక్తులు చేసిన పని అది.

జంగల్‌మహల్‌లో ఎక్కువ మంది ఆదివాసులు సంతాలులు. ముండాలు, భూమిజులు, లోధాలు, ఖేడియా శబరులు కూడా ఉన్నారు. వీళ్లందరి పక్కనే కుడ్మీలు. 2011 జనాభా లెక్కల్లో ఇప్పటి ఝార్‌గ్రామ్ పరిధిలో షెడ్యూల్డు తెగల వాటా దాదాపు 30 శాతం. సిమిలిపాల్ ఉన్న మయూర్‌భంజ్‌లో 58 శాతం పైచిలుకు.

సంతాల్ ఊరిని చూసినవాళ్లకు ముందుగా తట్టేది శుభ్రత. ఊరి నడుమ ఒకే పొడవాటి వీధి. దాన్ని కుల్హి అంటారు. ఇళ్లన్నీ అటూ ఇటూ దానివైపే ముఖం పెట్టి ఉంటాయి. గోడలు మట్టివే, కానీ అరచేత్తో పదేపదే మెత్తి నున్నగా చేసినవి. కింద నల్లటి పట్టీ, పైన ఎరుపో పసుపో, ఆ పైన తెలుపు. రంగులు చాలావరకు చుట్టుపక్కల మన్నులోంచే వస్తాయి. సొహ్రాయ్ పండుగ ముందు ఇంటి ఆడవాళ్లు ఈ గోడలను మళ్లీ కొత్తగా అలుకుతారు. ఊరి పెద్ద మాంఝీ, పూజారి నాయికే. పెళ్లిళ్ల వ్యవహారం, కుర్రకారు నడవడి చూసేవాడు జోగ్ మాంఝీ. కబురు చెప్పేవాడు గోడేత్. పంచాయతీ సర్పంచులు వచ్చి ఇన్నేళ్లయినా ఊరి తగవు మొదట మాంఝీ ముందుకే వస్తుంది.

ఊరి చివర ఒక సాల తోపు ఉంటుంది. కొత్తవాళ్లకు అది మామూలు చెట్ల గుంపులా కనిపిస్తుంది: గోపురం లేదు, విగ్రహం లేదు, ప్రహరీ కూడా ఉండకపోవచ్చు. అది జాహేర్ థాన్. మరాంగ్ బురు, జాహేర్ ఎరా, మోడేకో తురుయికో అనే దేవతల చోటు. అక్కడి కొమ్మ విరవరు. హోమ్‌స్టేకు వచ్చినవాళ్లు నీడ బాగుందని చెప్పులతో వెళ్లి కూర్చుంటే ఆ ఊరివాళ్లు గట్టిగా ఏమీ అనకపోవచ్చు. అనకపోయినా వాళ్ల మనసు కష్టపడుతుంది. ఇంటివాళ్లను అడిగి, వాళ్లు తీసుకెళితేనే అటు వెళ్లాలి.

పలకరింపు మాట జోహార్. రెండు చేతులూ జోడించి ఆ మాట అంటే చాలు, ముఖాలు విప్పారుతాయి. సంతాలీ భాషకు సొంత లిపి ఉంది, పేరు ఓల్ చికి. మయూర్‌భంజ్‌లోని రాయ్‌రంగ్‌పూర్ దగ్గర పుట్టిన పండిత రఘునాథ్ ముర్ము 1925లో దాన్ని రూపొందించారు. బెంగాలీ లిపిలో రాస్తే ఒక రకంగా, ఒడియాలో రాస్తే మరో రకంగా, రోమన్‌లో రాస్తే ఇంకో రకంగా విడిపోతున్న తమ జాతికి ఒకే రాత కావాలన్నది ఆయన తపన. 2003లో సంతాలీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో చేరింది. ఝార్‌గ్రామ్ వైపు బడుల మీద, దుకాణాల మీద ఆ అక్షరాలు కనిపిస్తాయి. రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము సొంత ఊరు ఉపర్‌బేడా కూడా ఆ రాయ్‌రంగ్‌పూర్ దగ్గరిదే.

తిండి దగ్గరికి వస్తే, ముందు ఆకు. తెల్లవారక ముందే ఆడవాళ్లు అడవిలోకి వెళ్లి లేతా ముదురూ కాని సాల ఆకులు ఏరుకొస్తారు. మధ్యాహ్నం అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంటారు. ఒక ఆకు మీద మరో ఆకు అంచు కలిపి, సన్నగా చీల్చిన పుల్లను గుచ్చి, మిగిలిన కొసను గోటితో తుంచేస్తారు. వేళ్లు ఆగవు, చూపు ఆకు మీద ఉండదు, మాటలు సాగుతూనే ఉంటాయి. విస్తరి తయారయ్యాక ఎండబెట్టి కట్టలు కడతారు. తెలంగాణ పల్లెల్లో మోదుగాకు విస్తర్లు కుట్టిన చేతులు ఈ పని చూస్తే ఒక్క చూపులో పోల్చుకుంటాయి. ఈ కట్టలు దళారి చేతికి, అక్కడి నుంచి మిషను మీద ఒత్తే చోటికి, చివరికి పట్నాల పెళ్లి భోజనాలకు చేరతాయి. దారిలో ధర పెరుగుతూ పోతుంది. కుట్టిన చేతికి దక్కేది అందులో అతి చిన్న ముక్క. హోమ్‌స్టేలో అతిథి నేరుగా ఆమె దగ్గరే ఒక కట్ట కొంటే ఆ ముక్క కాస్త పెద్దదవుతుంది.

ఆ విస్తట్లో అన్నం, పప్పు, ఆకుకూర, వానాకాలమైతే సాల చెట్ల మొదళ్లలో మొలిచే పుట్టగొడుగులు, నాటుకోడి కూర. పక్కన చిన్న ముద్దగా ఎర్రచీమల పచ్చడి పెట్టవచ్చు. చెట్ల ఆకులను కలిపి గూళ్లు కట్టే చీమలివి; జంగల్‌మహల్‌లో కుర్‌కుట్ అంటారు, మయూర్‌భంజ్‌లో కాయీ అంటారు. గూడు దించి, చీమలనూ గుడ్లనూ కడిగి, ఉప్పు, అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి రోట్లో నూరతారు. చింతకాయ పులుపుకు కాస్త కారం తగిలినట్టుంటుంది రుచి. సిమిలిపాల్ కాయీ పచ్చడికి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇష్టం లేనివాళ్లు వద్దంటే ఎవరూ ఏమీ అనుకోరు, ముఖం చిట్లించడమే తప్పు. బియ్యంతో పులియబెట్టే హాండియా వాళ్ల పండుగల్లో దేవుడికి నైవేద్యం, మనుషులకు మర్యాద. దాన్ని సారాతో సమానం చేసి చూడడం పొరపాటు. అలాగని అతిథులు అది తాగడానికే ఊళ్ల మీద పడడం అంతకంటే పెద్ద పొరపాటు.

సాయంత్రం ఆట ఉంటుంది. తుమ్దాక్, తమాక్ అనే రెండు వాద్యాలు, తిరియో అనే వేణువు. ఆడవాళ్లు చేతులు పెనవేసుకుని ఒక వరసలో కదులుతారు. అరకులో ధింసా చూసినవాళ్లకు ఆ అడుగు దగ్గరి చుట్టంలా అనిపిస్తుంది. అయితే డబ్బిచ్చి పిలిపించిన ఆట వేరు, పండుగనాటి ఆట వేరు. పొద్దంతా పొలంలో వంగి వచ్చిన మనుషులను బస్సు దిగిన గుంపు కోసం నగలు పెట్టించి ఆడించడం చూస్తే మనసున్నవాళ్లకు సంతోషం కలగదు. ఊళ్లో ఆ రోజు పండుగ లేకపోతే ఆట లేకపోయినా ఫరవాలేదనుకునే అతిథే మంచి అతిథి.

లోధాల సంగతి మరింత జాగ్రత్తగా వినాలి. ఆంగ్లేయులు 1871లో చేసిన నేరస్థ తెగల చట్టం కింద పుట్టుకతోనే దొంగలన్న ముద్ర పడిన తెగ ఇది. స్టూవర్టుపురం ఎరుకల కథ తెలిసిన తెలుగు పాఠకులకు ఆ ముద్ర బరువు చెప్పనక్కరలేదు. 1952లో చట్టం రద్దయింది, ముద్ర చెరగలేదు. మేదినీపూర్ జిల్లాలోని గోహాల్‌డీహీలో పుట్టిన చునీ కోటాల్ 1985లో మానవశాస్త్రంలో పట్టా పుచ్చుకుంది. లోధా ఆడపిల్లల్లో పట్టభద్రురాలైన మొదటి అమ్మాయి ఆమె. పై చదువుకు వెళ్లిన చోట పుట్టుకను ఎత్తిపొడిచే మాటలు ఏళ్ల తరబడి భరించింది. 1992 ఆగస్టు 16న ఖరగ్‌పూర్‌లోనే ప్రాణం తీసుకుంది. అప్పటికామె వయసు 27. తెలుగువారు ఎంతో ఇష్టంగా చదువుకున్న మహాశ్వేతాదేవి ఆ చావు మీద గొంతెత్తి రాశారు. బెంగాల్ అంతా కదిలింది. ఖరగ్‌పూర్ వీధుల్లో నడిచేవాళ్లలో ఈ పేరు తెలిసినవాళ్లు ఇప్పుడెందరో! అడవికి వెళ్లే ముందు ఆ ఊరిలోనే తలచుకోవలసిన పేరు అది.

ఝార్‌గ్రామ్‌కు దగ్గర్లో లాల్‌బజార్ అనే చిన్న పల్లె ఉంది. కొద్ది లోధా కుటుంబాల ఊరు. 2018 నుంచి కలకత్తా చిత్రకారుల బృందం ఒకటి, చాల్‌చిత్ర అకాడమీ, అక్కడి పిల్లలకూ పెద్దలకూ బొమ్మలు వేయడం నేర్పుతూ వచ్చింది. మట్టి గోడల మీద చెట్లు, ఏనుగులు, పక్షులు వెలిశాయి. ఇప్పుడు ఆ ఊరిని ఖ్వాబ్‌గావ్, అంటే కలల ఊరు, అంటున్నారు. ఒకప్పుడు పోలీసులు తప్ప ఎవరూ తొంగిచూడని వాకిళ్ల ముందు ఇప్పుడు బొమ్మలు చూసి కొనుక్కోవడానికి జనం ఆగుతున్నారు. ఇది చిన్న మార్పు కాదు. ఆ గోడ వెనక ఉన్నది ఒక కుటుంబం కాపురముండే ఇల్లు కాబట్టి, అడగకుండా ఫోను ఎత్తి ఫోటో తీయకూడదంతే.

ఈ అడవికి భయపడిన రోజులూ ఉన్నాయి. 2004లో ఆమ్లాశోల్ అనే శబర పల్లెలో ఆకలి చావులన్న వార్త దేశాన్ని కలవరపెట్టింది. అదే ఏడాది కాంక్రాఝోర్ అటవీ బంగళాను మావోయిస్టులు పేల్చివేశారు. 2008 నుంచి లాల్‌గఢ్ చుట్టూ మూడేళ్లు నెత్తురు పారింది. 2010 మే 28న ఖేమాశూలి, సర్దిహాల మధ్య జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి 150 మంది దాకా చనిపోయారు. ఆ తర్వాత చాలాకాలం ఆ లైనులో రాత్రిళ్లు ప్రయాణికుల రైళ్లు నడపలేదు. ఖరగ్‌పూర్ రైల్వే కుటుంబాలు ఆ రోజులు మరచిపోలేదు. 2011 నవంబరు 24న పెద్దపల్లికి చెందిన మావోయిస్టు నాయకుడు మల్లోజుల కోటేశ్వరరావు ఝార్‌గ్రామ్ దగ్గరి బుడీశోల్ అడవిలో భద్రతా దళాల చేతిలో మరణించారు. ఇప్పుడు అక్కడ హోమ్‌స్టేల బోర్డులున్నాయి. ఆ ఏళ్ల గురించి ఇంటివాళ్లు తామే చెబితే వినవచ్చు, గుచ్చి గుచ్చి అడగకూడదు.

ఇప్పటి భయం ఏనుగు. ఝార్ఖండ్‌లోని డల్మా కొండల నుంచి వచ్చే మందలు 1987 నుంచి కంసావతి నది దాటి మేదినీపూర్ లోపలికి రావడం మొదలైంది. అడవి మళ్లీ పెరిగింది, అడవి పక్కన సాగునీటితో వరి పెరిగింది. ఏనుగుకు నీడా తిండీ ఒక్కచోటే దొరికాయి. పార్వతీపురం వైపు ఒడిశా ఏనుగులు వచ్చి చేలు తొక్కిన సంగతి తెలిసిన ఉత్తరాంధ్ర వాళ్లకు ఈ బాధ ఎరుకే. జంగల్‌మహల్ పల్లెల్లో చాలామంది దాన్ని ఠాకూర్ అంటారు, దేవుడని. ఆ దేవుడే రాత్రి గోడ పడగొట్టి ధాన్యం, ఇప్పపూలు, హాండియా కుండ వెతుక్కుంటాడు. మందలను తరమడానికి హులా పార్టీలనే దళాలు కాగడాలతో తిరుగుతాయి. మండే ఇనుప బరిసెల వాడకం మీద సుప్రీంకోర్టు 2018లో ఆంక్ష పెట్టినా, 2024 ఆగస్టులో ఝార్‌గ్రామ్ పట్టణంలోకి వచ్చిన ఒక ఆడ ఏనుగు అలాంటి బరిసె దిగబడి చనిపోయింది. చీకటి పడ్డాక బస వాకిలి దాటవద్దని ఇంటివాళ్లు చెబితే అది ఉత్తుత్తి జాగ్రత్త కాదు.

పులి కూడా వస్తుంది. 2018లో లాల్‌గఢ్ అడవిలో పెద్దపులి కెమెరాకు చిక్కింది. ఏప్రిల్ 13న, వేట పండుగల రోజుల్లో, బల్లెం పోట్లతో చచ్చిపడి ఉంది. ఆరేళ్ల తర్వాత మరో పులి వచ్చింది. మహారాష్ట్రలోని తడోబా నుంచి సిమిలిపాల్‌కు తెచ్చిన జీనత్ అనే ఆడపులి 2024 డిసెంబరులో అడవి దాటి, ఝార్ఖండ్ మీదుగా బేల్‌పహాడీ కొండల్లోకి, అక్కడి నుంచి పురూలియా, బాంకుడా జిల్లాల్లోకి నడిచింది. డిసెంబరు 29న మత్తుమందు ఇచ్చి పట్టి, తిరిగి సిమిలిపాల్ చేర్చారు. ఈసారి ఎవరూ దాన్ని చంపలేదు. రాష్ట్రాల గీతలు మనుషులవే గానీ, ఈ అడవులన్నీ ఒకదానికొకటి అల్లుకునే ఉన్నాయని ఆ నడక చూపించింది.

సిమిలిపాల్‌కు ఖరగ్‌పూర్ నుంచి బహరాగోడా మీదుగా బారిపదాకు రోడ్డు ఉంది. రైల్లో అయితే బాలేశ్వర్ లైనులోని రూప్సా దగ్గర బారిపదా బ్రాంచి లైను విడిపోతుంది. ఒకప్పుడు అది మయూర్‌భంజ్ మహారాజుల నేరోగేజి రైలు. రిజర్వు విస్తీర్ణం 2,750 చదరపు కిలోమీటర్లు. 1973లో ప్రాజెక్టు టైగర్ మొదలైనప్పుడు ఎంపికైన తొమ్మిది అడవుల్లో ఇదొకటి. సిమిలి అంటే బూరుగు. ఎండాకాలం మొదట్లో ఆ పూలతో కొండలు ఎర్రబడతాయి. బారేహిపాణి జలపాతం 399 మీటర్ల ఎత్తు నుంచి మెట్లు మెట్లుగా దిగుతుంది. చారలు దట్టంగా కలిసిపోయి నల్లగా కనిపించే పులులు ఈ అడవి ప్రత్యేకత. ఒకే జన్యువులోని మార్పు దీనికి కారణమని 2021లో శాస్త్రవేత్తలు తేల్చారు. అయితే పులిని చూడాలని వెళ్లేవాళ్లకు నిరాశ తప్పదు. దట్టమైన సాల అడవి, కొండలు, పులి కనిపించడం అరుదు. పులులు తరచూ కనిపించే కన్హా లాంటి అడవి కాదిది.

ఈ అడవి పేరు ఇంటింటికీ తెలిసింది ఖైరీ వల్ల. 1974 అక్టోబరులో ఖడియా ఆదివాసులు ఖైరీ ఏటి ఒడ్డున దొరికిన ఆడపులి పిల్లను తెచ్చి, సిమిలిపాల్ మొదటి ఫీల్డ్ డైరెక్టర్ సరోజ్ రాజ్ చౌధురీకి అప్పగించారు. జషీపూర్‌లోని ఆయన ఇంట్లో అది పెంపుడు బిడ్డలా పెరిగింది, 1981లో చనిపోయింది. పులి అడుగుజాడలను బట్టి లెక్కలు కట్టే పద్ధతికి దారి వేసింది కూడా చౌధురీయే. ఆ పిల్లను చంపకుండా తెచ్చిచ్చిన ఖడియాల పేర్లు మాత్రం ఎక్కడా పెద్దగా రాయలేదు.

జమువాణీ, గుడ్‌గుడియా, రామతీర్థ, కుమారి వంటి చోట్ల ఇప్పుడు నేచర్ క్యాంపులున్నాయి. ఒడిశా అటవీశాఖ ఆధ్వర్యంలో ఉన్నా, వంట, శుభ్రత, దారి చూపడం చేసేది అక్కడి ఊళ్ల కమిటీలే. ఆదాయంలో పెద్ద భాగం జీతాలుగా, క్యాంపు ఖర్చులుగా అక్కడే మిగులుతుంది. ఇంతవరకు బాగుంది. కానీ అదే అడవి నడిబొడ్డు నుంచి జెనాబిల్, అప్పర్ బరహకముడా, జమునాగఢ్ వంటి ఊళ్లను 2010 నుంచి ఒక్కొక్కటిగా బయటికి తరలించారు. కొందరు ఇష్టపడే వెళ్లారు. మరికొందరు 2006 అటవీ హక్కుల చట్టం మాటేమిటని అడిగారు. అక్కడే పుట్టినవాడు ఖాళీ చేసిన అడవిలోకి సఫారీ జీపు వెళ్లడం సబబేనా అన్న ప్రశ్న సిమిలిపాల్‌కు వెళ్లిన ప్రతివాళ్ల ముందూ ఉంటుంది.

ఆస్ట్రేలియాలో ఈ ప్రశ్నకు ఒక జవాబు దొరికింది. ఉలురు అనే ఎర్రటి మహాశిలను 1985 అక్టోబరు 26న అక్కడి అనంగు ఆదివాసులకు తిరిగి ఇచ్చేశారు. వాళ్లు దాన్ని జాతీయ పార్కు కోసం ప్రభుత్వానికి 99 ఏళ్ల కౌలుకిచ్చారు. పార్కు నడిపే బోర్డులో వాళ్లదే పైచేయి. తమకు పవిత్రమైన రాయి ఎక్కవద్దని ఏళ్ల తరబడి వేడుకున్నారు. చివరకు 2019 అక్టోబరు 26 నుంచి ఎక్కడం పూర్తిగా ఆపేశారు. అక్కడ ఆదివాసి భూస్వామి, సందర్శకుడు అతిథి. మన దేశంలో ఆదివాసి ఇంకా వంటమనిషి, గైడు, కాపలాదారు. నల్లమలలో చెంచులు దారి చూపేవాళ్లుగా, మారేడుమిల్లిలో కొండరెడ్లు బొంగు చికెన్ కాల్చేవాళ్లుగా ఉన్నట్టే. క్యాంపు లెక్కల పుస్తకం, కొత్త గదులు కట్టాలా వద్దా అన్న నిర్ణయం ఊరి గ్రామసభ చేతికి వచ్చిన రోజు సిమిలిపాల్ కూడా సరైన దారిలో పడ్డట్టు.

వెళ్లడానికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. సిమిలిపాల్‌ను వానాకాలంలో మూసి, సాధారణంగా నవంబరులో తెరుస్తారు. మార్చి దాటితే ఎండ మండుతుంది. మలేరియా ఉన్న ప్రాంతం కాబట్టి దోమతెర, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. నగదు వెంట ఉండాలి. ప్లాస్టిక్ తీసుకెళ్లినంతా తిరిగి తెచ్చుకోవాలి.

పండుగ చూడాలనుకునేవారు ఫాల్గుణంలో, సాల పూత వచ్చే రోజుల్లో సంతాలుల బాహా పండుగకు వెళ్లవచ్చు. దానికి క్యాలెండరులో తేదీ ఉండదు. ఒక్కో ఊరిలో మాంఝీ, పెద్దలు కూర్చుని నిర్ణయిస్తారు. కాబట్టి ముందుగా ఇంటివాళ్లకు ఫోను చేసి అడగాలి. ఆ రోజు జాహేర్‌లో పూజయ్యాక నాయికే ఇంటింటికీ సాల పూలు పంచుతాడు. అంతవరకు ఆ ఊళ్లో ఎవరూ కొత్త సాల పువ్వు తలలో పెట్టుకోరు, ఇప్పపువ్వు నోట వేసుకోరు. అప్పుడు బసకు వచ్చినవారు కూడా ఆ పూత మీద చేయి వేయకూడదు.